వంతెన మీద చోటు

తెల్లవారకముందే ఉల్లికాడలు పీకడం, పొద్దెక్కేలోపు కడగడం, మధ్యాహ్నానికి కట్టలు కట్టి సిద్ధం చేయడం. యిలాన్ జిల్లాలో మా ఊరివాళ్ళ బతుకంతా ఇదే. ఊరి చివర ఊటనీళ్ళ మడుగు ఒకటుంది. ఆడవాళ్ళు మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని దాని గట్టున వరసగా కూర్చుంటారు. కాడల పైపొర ఒలిచేసి, తెల్లటి మొదళ్ళు మెరిసేదాకా నీళ్ళలో జాడిస్తారు. పని చేతులకే కాబట్టి నోళ్ళు ఖాళీగా ఉంటాయి. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో ముందు ఆ గట్టు మీదే తెలుస్తుంది.

పొద్దు వాలాక ఆ కట్టలు వ్యానులో వేసుకుని తైపే మార్కెట్టుకి తోలుకుపోయేది చిన్‌లియాంగ్. ఊరు దాటి మళ్ళ మధ్య నుంచి కొంత దూరం పోతే ఏరు వస్తుంది. ఏటి మీద వంతెన, వంతెన దిగగానే కొండ రోడ్డు. వంతెన నడుమ పిట్టగోడ మీద చిన్‌లియాంగ్ వాళ్ళన్న పోచెంగ్ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటాడు. తమ్ముడు హారన్ కొడతాడు, అన్న చెయ్యి ఊపుతాడు. టీ ఆకు లారీలవాళ్ళు కూడా కొడతారు, వాళ్ళకీ ఊపుతాడు. పోచెంగ్ కొండ మలుపులో మోటారుసైకిలు మీంచి పడి చనిపోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది.

రోడ్డు మీద పోయినవాణ్ణి ఇంటికి తెచ్చుకోవడానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. పూజారి తెల్లజెండా పట్టుకుని పడిపోయిన చోటికి వెళ్ళి పేరు పెట్టి పిలుస్తాడు. పోయినవాడు లేచి వచ్చి వ్యానెక్కుతాడు. ఇంటివాళ్ళలో వయసుకి చిన్నవాళ్ళెవరో ఒకరు అగరుబత్తుల కుండ పట్టుకుని పక్కన కూర్చుని, దారి పొడుగునా కేకేసి చెప్పాలి. మలుపు వచ్చింది, తిరుగు. వంతెన వచ్చింది, దాటు. మలుపులో కేక మరిచినా ఫరవాలేదంటారు కానీ నీళ్ళ దగ్గర మాత్రం మరవకూడదు. ఇంటి గొంతు వినపడకపోతే చచ్చినవాడు నీళ్ళు దాటలేడు. చిన్‌లియాంగ్ మలుపులన్నిటి దగ్గరా గొంతు చించుకుని అరిచాడు. వంతెన దగ్గర అరవలేదు. వ్యాను దాటేసింది, పోచెంగ్ అక్కడే ఉండిపోయాడు. ఏడుపు గొంతుకి అడ్డం పడిందని చిన్‌లియాంగ్ అందరికీ చెప్పుకున్నాడు. పాపం, నిజమే కాబోలని మేమూ అనుకున్నాం.

మళ్ళీ పిలవలేదా అంటే, పిలిచారు. పూజారి వచ్చాడు, జెండా వచ్చింది, అదే వ్యాను వచ్చింది. ఈసారి చిన్‌లియాంగ్ వంతెన అదిరేలా కేక పెట్టాడు. పోచెంగ్ పిట్టగోడ దిగలేదు.

“ఆ చావు వ్యానులో ఇంకోసారి ఎక్కనురా. ఒకసారి ఎక్కితే ఏమైందో చూశావుగా,” అన్నాడు.

తర్వాతి వారం చిన్‌లియాంగ్ తన స్కూటరు వేసుకెళ్ళాడు. పోచెంగ్ దాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“కూరల బుట్ట తగిలించుకున్న ఈ డొక్కు మీదనా? నన్నా? ఊళ్ళో అందరి ముందునుంచీ? బతికున్నప్పుడే ఎక్కలేదు కదరా దీన్ని!”

“మరి ఎలా వస్తావన్నయ్యా?”

“ఎర్రప్లేటు బండి తీసుకురా. వెనకాల కూర్చుంటాను. ఒక్క కేకెయ్యి, దాటేస్తాను.”

ఎర్రప్లేటు బండి అంటే పెద్ద ఇంజనున్న మోటారుసైకిలు. స్కూటర్లకి తెల్లప్లేటు, వాటికి ఎర్రప్లేటు. పోచెంగ్ ప్రాణం తీసింది అలాంటిదే. కారుకంటే ఖరీదు, పొలంలోకి పనికిరాదు, వానలో పనికిరాదు, పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకోవడానికి పనికిరాదు. ఆదివారం పూట కొండెక్కి దిగడానికి మాత్రం పనికొస్తుంది. మా జిల్లాలో ఏడాదిలో సగం రోజులు వానే. అలాంటి చోట మనుషులు దీనికోసం ఎందుకు పడిచస్తారో నాకైతే ఎప్పటికీ అర్థం కాదు.

వాళ్ళమ్మ మాత్రం ఆ వంతెన వైపు ఒక్కసారీ పోలేదు. పోకూడదు. కొడుకు ముందు పోతే తల్లి సాగనంపకూడదు, పిలవకూడదు, ఎదురెళ్ళకూడదు. కన్నవాళ్ళకంటే ముందు వెళ్ళిన తప్పుకి శవపెట్టెని కర్రతో కొట్టాలి, అంతే. ఆవిడ కర్ర పట్టుకుని, నిద్రపోతున్నవాణ్ణి లేపినంత మెల్లగా కొట్టింది. గట్టిగా కొట్టాలని పూజారి చెప్పబోతే, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు. అప్పట్నుంచీ రోజూ ఒక డబ్బాలో అన్నం, సోయాలో ఉడికించిన పందిమాంసం, మీద ఒక గుడ్డు పెట్టి చిన్‌లియాంగ్ చేతికిస్తోంది. ఊరంతా పోచెంగ్‌ని చూస్తూనే ఉంది. కన్నతల్లి ఒక్కతే చూడలేదు.

“తిన్నాడా?” అని అడుగుతుంది తెల్లారి.

“తిన్నాడమ్మా,” అంటాడు చిన్‌లియాంగ్. చచ్చినవాడు ఏం తింటాడు? డబ్బా ఏటిగట్టు కాకులకి ఖాళీ చేసి తెస్తాడు.

“ఉప్పు సరిపోయిందంటనా?”

“సరిపోయిందంట.”

ఆవిడకి ఆ అబద్ధం తెలుసో తెలీదో ఎవరూ అడగలేదు. కానీ రోజురోజుకీ చిక్కిపోతోంది. మోకాళ్ళు వాచి, నడుస్తుంటే గోడ పట్టుకుంటోంది. పెద్దాడు ఇంటికి వచ్చి, పోయిన పెద్దలకి మొక్కే బల్ల మీద పేరు చెక్కిన పలక చేరితే తప్ప కళ్ళు మూయనని మడుగు గట్టు మీద అందరి ముందూ అనేసింది. ఆ మాట చిన్‌లియాంగ్‌కి ములుకులా గుచ్చుకుంది.

అందుకే యిలాన్ పట్నంలో పెద్దబండ్ల షోరూం గుమ్మం ఎక్కానని అతను తనకి తాను చెప్పుకున్నాడు.

షోరూం యజమాని పేరు లై. నున్నటి గుండు, మృదువైన మాట. బేరం గురించి ఎత్తకుండా ముందు టీ పోసే రకం. లోపల దీపాల కింద ఒక నల్లటి బండి నిలబడి ఉంది. నాలుగు సిలిండర్లు, వెయ్యి సీసీ, ముందు చక్రానికి రెండు వైపులా పళ్ళేలంతటి బ్రేకు డిస్కులు.

“కూర్చోండి సార్. చూడ్డానికి డబ్బులడగను,” అన్నాడు లై.

చిన్‌లియాంగ్ కూర్చున్నాడు. రెండు పాదాలూ నేలకి ఆనాయి. పెట్రోలు ట్యాంకు మోకాళ్ళ మధ్య ఇమిడిపోయింది. లై తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి గొంతు సవరించుకుని సన్నగా మొదలైంది. ఆ వణుకు సీట్లోంచి నడుములోకి, నడుములోంచి ఛాతీలోకి ఎక్కింది. చిన్నప్పట్నుంచీ అతనెప్పుడూ వెనక సీటే. అన్న వీపు తప్ప ముందున్న రోడ్డు చూసినవాడు కాడు. ఇవాళ ముందు ఏ వీపూ లేదు. అంత సుఖంగా అనిపించినందుకు అతనికి సిగ్గేసింది.

“పెద్దబండి లైసెన్సు ఉందా సార్?”

“ఉంది,” అన్నాడు చిన్‌లియాంగ్. రైతుసంఘం మీటింగులని ఇంట్లో చెప్పి, శనివారాలు వెళ్ళి నేర్చుకుని తీసుకున్నాడు. సన్నటి చెక్కబాట మీద పడకుండా, తొందరపడకుండా నడిపితేనే ఇస్తారు ఆ లైసెన్సు. అతను మొదటిసారికే గట్టెక్కాడు.

ఇలాంటివి దాగవు. మడుగు గట్టు మీద అతని భార్య యున్‌రూ పక్కన కూర్చున్నావిడ, “మీ ఆయన నల్లబండి మీద రాజులా కూర్చున్నాడంటగా, మా మరిది చూశాడు,” అంది. యున్‌రూ చేతిలో కాడలు కడగకుండానే కట్ట కట్టేసి ఇంటికొచ్చింది.

“పై మడి అమ్ముతున్నావంట?” అంది అన్నం పెడుతూ.

“అనుకుంటున్నాను. ఇంకా ఏమీ...”

“దేనికి?”

“నీకు తెలుసుగా. అన్నయ్యని తీసుకురావాలి.”

“మీ అన్నయ్య కోసమే అయితే ఒకరోజుకి అద్దెకి తీసుకో.”

చిన్‌లియాంగ్ ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా ఉండిపోయాడు. ఆ ఆలోచన తనకెందుకు రాలేదో అతనికి తెలుసు. ఆమెకీ తెలుసు.

“పై మడిలో కాడలు నా చేత్తో నాటాను,” అంది యున్‌రూ. “అది పోతే పోయింది, కూలికెళ్తాను. నా బాధ మడి గురించి కాదు. వంతెన మీద ఉండిపోయినవాళ్ళు ఎలా కదులుతారో నీకు తెలీదా? నాచేత చెప్పిస్తావా?”

“యున్‌రూ!”

“చెప్తాను. ఎవరో ఒకరు చెప్పాలిగా. ఇంటివాళ్ళ వెంట మనసుపడి రావాలి, లేకపోతే ఆ చోట్లోకి ఇంకొకళ్ళు పోయి కూర్చోవాలి. మీ అన్నయ్య వ్యానొద్దన్నాడు, స్కూటరొద్దన్నాడు, తను దేని మీద చచ్చాడో అదే తెమ్మంటున్నాడు. తమ్ముణ్ణే తెమ్మంటున్నాడు. ఇంకా అర్థం కాలేదా?”

“మా అన్నయ్య అలాంటివాడు కాదు.”

“బతికున్నప్పుడు కాదు. ఎవరు కాదన్నారు?”

మా వైపు ఈ మాట గట్టిగా అనరు. అనకపోయినా ప్రతి ఇంట్లో దాని భయం ఉంటుంది. ఆ రోడ్డు మీద ఎవరు పడినా, ఎవరికి బదులు పడ్డారోనని లోపల్లోపల లెక్క చూసుకుంటాం. పక్కగదిలో ముసలావిడ దగ్గింది. ఇద్దరూ గొంతు తగ్గించారు.

మర్నాడు చిన్‌లియాంగ్ పెద్దల బల్ల ముందు అగరుబత్తి వెలిగించి చెక్కలు వేశాడు. నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలవి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే పెద్దలు సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్వినట్టు. బండి కొనమంటారా అని అడిగి వేశాడు. రెండూ వెల్లకిలా పడ్డాయి. మాట మార్చి, అన్నయ్యని తేవడానికే కొంటున్నాను, సరేనా అని వేశాడు. మళ్ళీ వెల్లకిలా. ఎన్నిసార్లు వేసినా అంతే. పెద్దలు నవ్వుతూనే ఉన్నారు.

“నీ ప్రశ్న తిన్నగా లేదని,” అంది గుమ్మంలోంచి యున్‌రూ. ఆమె నవ్వలేదు.

ఆదివారం నాడు వాన తెరిపిచ్చింది. లై బండి బయటికి తీయించి, “ఒక రౌండు వేసి రండి సార్. ఎంతసేపైనా ఫరవాలేదు. ఇలాంటివి కాగితాలు చూసి కొనేవి కావు,” అన్నాడు. చిన్‌లియాంగ్ హెల్మెట్ పెట్టుకుని వంతెన దారి పట్టాడు.

ఆ దారిలో రోజూ వ్యాను తోలుతాడు. ఎక్కడ గుంటలున్నాయో కళ్ళు మూసుకుని చెప్పగలడు. కానీ ఇవాళ రోడ్డే వేరేలా ఉంది. చెయ్యి కాస్త తిప్పితే చాలు, మళ్ళు వెనక్కి ఎగిరిపోతున్నాయి. వంతెన అంత తొందరగా వచ్చేసినందుకు అతనికి నిరాశ కలిగింది.

బండి శబ్దం పోచెంగ్ దూరం నుంచే విన్నాడు. అప్పటికే పిట్టగోడ దిగి నిలబడ్డాడు. రెండేళ్ళలో అతను లేచి నిలబడటం అదే మొదటిసారి. బండి చుట్టూ తిరిగాడు. భుజం దగ్గర చిరిగిన తోలుకోటు, మోకాలి మీద ఎండిన మట్టి, అన్నీ ఆ రోజువే.

“గొలుసు కొత్తది. టైర్లు మంచివి వేశాడు. ఎంత చెప్తున్నాడు?” అన్నాడు.

చిన్‌లియాంగ్ చెప్పాడు.

“తగ్గిస్తాడులే. లై కదూ? టీ రెండోసారి పోసేదాకా ఏమీ మాట్లాడకు, వాడే దిగుతాడు.”

“ఎక్కన్నయ్యా. ఇంటికి పోదాం. అమ్మ చూస్తోంది.”

పోచెంగ్ ఊరివైపు చూశాడు. తర్వాత కొండవైపు చూశాడు. కొండవైపు అతను ఎంత దూరమైనా పోగలడు. ఊరివైపే అడుగు పడదు.

“ముందు పైకి. మలుపుదాకా పోయి వచ్చేద్దాం. ఎన్నాళ్ళైందిరా కూర్చుని!”

ఎక్కాడు. బండి మీద బరువేమీ పడలేదు. చిన్‌లియాంగ్ వీపంతా మాత్రం తడిగుడ్డ కప్పినట్టు చల్లబడింది. బండి కొండెక్కింది. మొదటి మలుపు, రెండో మలుపు. ఒంచితే ఒంగుతోంది, లేపితే లేస్తోంది. చెవి పక్కన అన్న గొంతు, చిన్నప్పుడు సైకిలు నేర్పిన గొంతే, “ఇప్పుడు ఒంచు. ఇప్పుడు వదులు. బ్రేకు ముట్టకు. ఇంకొంచెం. ఇంకొంచెం,” అంటోంది.

పోచెంగ్ పడిన మలుపు ఎదురొచ్చింది. రేజ్ తగ్గించాలని చిన్‌లియాంగ్‌కి తెలుసు. చెయ్యి తగ్గించలేదు. ఆ చెయ్యి తనదో కాదో కూడా అతనికి అప్పుడు తెలీలేదు. మలుపు అవతల నుంచి టూరిస్టు బస్సు ఒకటి వచ్చింది. బస్సు అద్దంలో తన హెల్మెట్ కనిపించేంత దగ్గరగా వచ్చింది. ఎలా తప్పిందో తెలీదు. బండి గీతకి లోపలే ఉంది, అతను బండి మీదే ఉన్నాడు, బస్సు హారన్ కొండంతా మోగుతూ కిందికి పోయింది.

పైన బండి ఆపి అతను నవ్వాడు. ఏడవాల్సినవాడు నవ్వాడు, గట్టిగా, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. ఇంకోసారి పోవాలనిపించింది. అప్పుడు భయమేసింది.

దిగేటప్పుడు మెల్లగా వచ్చాడు. వంతెన మీద పోచెంగ్ దిగిపోయి, తన చోట్లో తను కూర్చున్నాడు.

“ఇంటికి రావా?”

“ఇది లై బండి కదరా. అరువుబండి మీద ఇంటికెలా వస్తాను? మనది కొను, వస్తాను.”

చిన్‌లియాంగ్ హెల్మెట్ తీసి పిట్టగోడ మీద పెట్టాడు.

“అన్నయ్యా, నిజం చెప్పు. నన్ను చంపేద్దామనుకున్నావా?”

పోచెంగ్ నీళ్ళకేసి తిరిగాడు.

“అనుకోలేదురా. నీ మీద ఒట్టు. కానీ ఇక్కడ కూర్చుని కూర్చుని ఒకటే కోరిక మిగులుతుంది. ఎవరైనా వస్తే బాగుండునని. ఎవరైనా అంటే ఎవరైనా సరే. నువ్వైనా సరే.”

“మరి కొనమంటావా, వద్దంటావా?”

“కొను,” అన్నాడు వెంటనే. అన్నాక తల దించుకున్నాడు. “నన్నడక్కురా. చచ్చినవాణ్ణి అడిగి ఎవరైనా బండి కొంటారా?”

చిన్‌లియాంగ్ పిట్టగోడ మీది హెల్మెట్ తీసుకోబోయాడు.

“నన్నెందుకు దాటించలేదో నాకు తెలుసులే,” అన్నాడు పోచెంగ్. గొంతులో కోపం లేదు. “ఏడుపు అడ్డం పడిందని ఊళ్ళో చెప్పావు. నేను వ్యానులో నీ పక్కనే ఉన్నాను కదా. ఎదురుగా ఎర్రప్లేటు బండ్లు బారుగా వచ్చాయి. అవి కనుమరుగయ్యేదాకా తల తిప్పుకుని చూశావు. నేనూ చూశాననుకో. మంచి బండ్లు.”

చిన్‌లియాంగ్ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. రెండేళ్ళ కిందట ఏడ్చానని చెప్పుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చాడు. ఏడ్చి, మొహం తుడుచుకుని, షోరూంకి వెళ్ళి, బండి ఇంకెవరికీ ఇవ్వొద్దని లైకి చెప్పి, పేరు రాయించాడు. మనిషి ఎలాంటివాడో చూడండి. అంతా తెలిసి రాయించాడు.

ఇంటికొచ్చేసరికి తల్లి అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. కొడుకు మొహం పైకెత్తి చూసింది. బుగ్గలు ఎర్రగా, కళ్ళు తడిగా, లోపలెక్కడో దీపం వెలిగినట్టు. పెద్దాడు ఆదివారాలు సరిగ్గా ఇలాంటి మొహంతో ఇంటికి వచ్చేవాడు. ఆవిడ వెల్లుల్లి పక్కన పెట్టేసింది.

“బండి బాగా పోయిందా?”

“నీకెవరు చెప్పారు?”

“నువ్వే చెప్తున్నావుగా. కొంటున్నావా?”

“అన్నయ్య వస్తానన్నాడమ్మా. మన బండైతే వస్తాడంట.”

“ఊఁ,” అంది. ఒళ్ళో పొట్టు దులుపుకుని, “వంతెన మీంచి పోయే బస్సు పొద్దున ఎన్నింటికిరా?” అని అడిగింది.

చిన్‌లియాంగ్ మనసు నల్లబండి మీద ఉంది. ఏడింటికని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. మోకాళ్ళ డాక్టరు దగ్గరికి కాబోలనుకున్నాడో, ఏమీ అనుకోలేదో.

తెల్లారి అతను మడిలో ఉన్నాడు, యున్‌రూ మడుగు దగ్గర ఉంది. ముసలావిడ కొత్త సంవత్సరానికి మాత్రమే తొడుక్కునే ముదురు ఎరుపు కోటు తొడుక్కుంది. అన్నం డబ్బా గుడ్డలో మూటగట్టింది. గొడుగు ఊతగా పట్టుకుని, బస్సు ఆగే చోటిదాకా ఆగి ఆగి నడిచింది. ఆ తర్వాత జరిగింది బస్సు డ్రైవరు చెప్పగా మాకందరికీ తెలిసింది. వంతెన మీద స్టాపు లేకపోయినా, ఆవిడ అడిగితే అతను ఆపాడు. దింపి, తల్లీకొడుకుల మాటలు అయ్యేదాకా బస్సు కదల్చకుండా చూశాడు. సన్నగా తుంపర పడుతోంది.

పోచెంగ్ ఆవిణ్ణి చూసి కంగారుపడ్డాడు.

“అమ్మా, నువ్విక్కడికి రాకూడదు కదా!”

ఆవిడ ఇంకా దగ్గరికి వచ్చింది. రెండేళ్ళుగా చూడని మొహం చూసుకుంది. చిరిగిన భుజం మీద చెయ్యి వేసి, చిరుగు దగ్గరికి లాగింది.

“సన్నబడ్డావు. అన్నం తినట్లేదు కదూ?” అంది.

“తినలేనమ్మా. తమ్ముడు నీతో చెప్పుండడు.”

“వాడేం చెప్తాడు, పిచ్చి వెధవ.” గొడుగు మీద ఒరిగి ఊపిరి తీసుకుంది. “కాళ్ళు లాగేస్తున్నాయిరా. ఇంక నిలబడలేను.”

మా దేశంలో ముసలివాళ్ళు నిలబడి ఉంటే కుర్రవాళ్ళు కూర్చోరు. బస్సులో చూడండి, రైల్లో చూడండి, నిద్రపోతున్నవాడు కూడా లేచి నిలబడతాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఒళ్ళే లేస్తుంది. పూజారి జెండాకి లేవనివాడు, తమ్ముడి కేకకి లేవనివాడు, పోచెంగ్ చటుక్కున లేచి, “కూర్చోమ్మా,” అన్నాడు.

ఆవిడ కూర్చుంది.

కూర్చున్నాక గాని పోచెంగ్‌కి తనేం చేశాడో తెలీలేదు. “అమ్మా, లే. అమ్మా, వద్దు,” అని చెయ్యి పట్టుకుని లాగాడు. ఆవిడ గొడుగు పక్కన పెట్టి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కోటు సర్దుకుంది. తర్వాత, తల్లి పిలవకూడని పిలుపు, ఏటి రెండు ఒడ్డులకీ వినపడేలా పిలిచింది.

“పోచెంగ్! వంతెన వచ్చిందిరా, నాయనా. దాటు.”

అతని కాళ్ళు ఊరివైపు తిరిగాయి. ఆపుకోవడం అతని వల్ల కాలేదు. వెనక్కి చూసుకుంటూ, చూసుకుంటూ వంతెన దిగాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని మళ్ళ గట్ల మీంచి నడిచి వస్తుంటే మడుగు దగ్గర ఆడవాళ్ళందరూ చేతులాపి చూశారు. యున్‌రూ లేచి నిలబడింది. అతను ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళి, గుమ్మం దగ్గర బూట్లు విప్పి, పెద్దల బల్ల ఉన్న గదిలోకి పోయాడు. ఆ తర్వాత అతన్ని ఎవరూ చూడలేదు. బూట్లు మాత్రం సాయంత్రందాకా గుమ్మంలో ఉన్నాయి.

బస్సు తిరుగు ప్రయాణంలో వంతెన దగ్గర ఆగేసరికి ముసలావిడ ఒళ్ళు చల్లబడి ఉంది. ఒళ్ళో డబ్బా ఇంకా గోరువెచ్చగా ఉందని డ్రైవరు చెప్పాడు.

దినకార్యాలు పద్ధతి ప్రకారం జరిగాయి. పూజారి జెండా పట్టాడు, చిన్‌లియాంగ్ కుండ పట్టాడు. ఈసారి వంతెన మీద అతను ఎటూ చూడలేదు. “అమ్మా, వంతెన వచ్చింది, దాటమ్మా,” అని గొంతు పోయేదాకా అరిచాడు. ఆవిడ ఎర్రకోటుతో పిట్టగోడ మీద కూర్చునే ఉంది. వినపడనట్టు ఏటికేసి చూస్తోంది.

అందరూ వెళ్ళిపోయాక మర్నాడు అతనొక్కడే స్కూటరు మీద వచ్చాడు. బండి ఆపి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

“పిలిస్తే ఎందుకు రావమ్మా? నీకు ఎర్రప్లేటు బండి అక్కర్లేదుగా? స్కూటరు మీద ఎన్నిసార్లు తిరిగావు నాతో!”

“స్కూటరుకేం, బంగారంలాంటి బండి,” అంది. “నేను లేస్తే ఇక్కడెవరు కూర్చుంటారురా?”

“ఎవరూ కూర్చోక్కర్లేదు. ఖాళీగా ఉండనీ.”

“ఖాళీగా ఉండదు. ఈ చోటు సంగతి కూర్చున్నాక తెలిసింది నాకు. ఎవరో ఒకళ్ళని పిలుస్తూనే ఉంటుంది. నేనైతే పిలవను. నాకు ఎవరూ రానక్కర్లేదు.”

కొండ మీంచి చల్లగాలి, దాంతోపాటే తుంపర వచ్చాయి. ఆవిడ కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుంది. చచ్చినవాళ్ళకి చలేస్తుందో లేదో తెలీదు, అది అలవాటు కావచ్చు. చిన్‌లియాంగ్ జేబులోంచి ఫోను తీసి, ఆవిడ ముందే లైకి ఫోను చేశాడు.

“ఆ నల్లబండి నాకొద్దండీ. పేరు కొట్టెయ్యండి. లేదు, ధర గురించి కాదు. వద్దు. ఎప్పటికీ వద్దు.”

ఫోను జేబులో పెట్టుకుని తల్లి మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు మార్కులు చూపించి నిలబడ్డట్టు నిలబడ్డాడు.

“విన్నావుగా. వద్దన్నాను.”

“విన్నాను. మంచిది.”

“మరి లే అమ్మా. ఇంటికి పోదాం.”

ఆవిడ కొడుకుని తేరిపార చూసింది. ఆ చూపు ముందు అతను ఎక్కువసేపు తలెత్తి నిలబడలేకపోయాడు.

“ఇంకొన్నాళ్ళు కూర్చుంటానులే,” అంది. “నువ్వు పదరా, తడుస్తున్నావు. యున్‌రూ ఎదురుచూస్తుంటుంది. మెల్లగా పో.”

అతను స్కూటరు స్టార్టు చేయలేదు. తల వంచుకుని, దాన్ని తోసుకుంటూ ఊరివైపుకి వంతెన దాటాడు.